తాళం వేసిన గదిలో మ్యాచ్

దయ్యాలంటే నాకు చిన్నప్పుడు కూడా భయం లేదు. మా సొంతూరు కార్వేటినగరం. అక్కడి పాత ప్యాలెస్‌లో మిట్టమధ్యాహ్నం గజ్జెల చప్పుడు వినిపిస్తుందని మా వీధిలో చెప్పుకునేవారు. నేనూ మా తమ్ముడు సుధీర్ ఉప్పూ కారం పొట్లం కట్టుకుని, చింతకాయలు కోసుకుని ఆ గోడల నీడలోనే తిని, అక్కడే నిద్రపోయి వచ్చేవాళ్ళం. తర్వాత కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. ఎవరైనా గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

నా భయాలు వేరే. పాప ఊపిరి తీసుకుంటోందా, గ్యాస్ కట్టేశానా, బండి మీద బయల్దేరినవాళ్ళు చేరారా. పాప పుట్టాక ఇవి మరీ ఎక్కువయ్యాయి. ఇంట్లో అందరూ నన్ను ఆటపట్టించేది కూడా వీటి గురించే.

తిరుపతిలో మేముండేది మేడ మీద అద్దె ఇల్లు. రెండు గదులు మావి. వాటికి ఆనుకుని, వరండాలోంచి వేరే తలుపున్న చిన్న గది ఒకటి ఉంది. సుధీర్‌కి రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఆ గది వాడికిచ్చాం. తాళంచెవి వాడి దగ్గరే ఉండేది. మా మంచానికీ వాడి మంచానికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. ఇంగ్లండులో ఏదో ఊరి జట్టు. మన దేశం కాదు, మన వాళ్ళెవరూ అందులో లేరు, అయినా కాలేజీ రోజుల నుంచి వాడికి అదే లోకం. ఆ ఏడాది ఆ జట్టు వాళ్ళ దేశంలో ప్రతివారం ఓడిపోతూనే ఉంది. యూరప్ పోటీలో మాత్రం ఎలాగో నెగ్గుకొస్తోంది. మా ఆయన భోజనాల దగ్గర వాడిని కదిలించేవారు, "ఏమప్పా, మీవాళ్ళు ఈసారి ఎన్ని గోల్స్ తింటారు?" అని. "లీగులో తింటే తినినారు బావా, యూరప్‌లో తినరు" అనేవాడు వాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటూనే.

ఆ మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి దాటాకే మొదలవుతాయి. వాడు ఫోనుకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసేవాడు కాబట్టి ఆట శబ్దం మాకు వినిపించేది కాదు. వాడి శబ్దాలు మాత్రం వినిపించేవి. ప్లాస్టిక్ కుర్చీ ముందుకు లాక్కుంటాడు. గోల్ పడితే అరచేత్తో గోడ మీద ఒక్కటి కొడతాడు. మరీ అన్యాయం జరిగిందనుకుంటే రెండు మూడు దెబ్బలు, ఆ వెనక ఒక మూలుగు. ఆటంటే ఏమిటో తెలియకపోయినా, పాపకి పాలిస్తూ ఆ గోడ వైపు పడుకుని, ఎవరు ఓడిపోతున్నారో నేను చెప్పగలిగేదాన్ని.

ఆ రోజు సుధీర్ నాయనని చూడ్డానికి ఊరికి వెళ్ళాడు. మా ఆయన ఆఫీసు పని మీద చెన్నైలో ఉన్నారు. పొద్దున టీకా వేయించడం వల్ల పాపకి ఒళ్ళు కాలుతోంది. రాత్రి భోజనమయ్యాక సుధీర్ ఫోన్ చేశాడు. "బయల్దేరతా ఉండానక్కా. అమ్మ మునక్కాయ పులుసు కట్టిచ్చింది. మ్యాచ్ టైముకంతా వచ్చేస్తా. నువ్వు ఊరికే ఫోన్లు జేసి సంపాకు."

పుత్తూరు మీదుగా ఎంత నిదానంగా వచ్చినా రావలసిన సమయం దాటిపోయింది. ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. బండి నడుపుతున్నాడేమో అనుకుని కాసేపాగి మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. మస్తాన్ అని వాడి స్నేహితుడొకడు ఉన్నాడు, పక్క వీధిలోనే ఉంటాడు, అతణ్ణి లేపి దారి వెంట పంపిద్దామా అని కూడా అనుకున్నాను. పాపని భుజాన వేసుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని గదంతా తిరుగుతున్నాను.

అప్పుడు గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

నా ప్రాణం లేచొచ్చింది. వచ్చేశాడు, పాప లేస్తుందని మెల్లగా మెట్లెక్కి ఉంటాడు, ఫోన్ సైలెంటులో పెట్టి ఉంటాడు అనుకున్నాను. వెళ్ళి చూడాలంటే గడియ తీసి వరండాలోకి వెళ్ళాలి. ఆ గడియ చప్పుడుకి పాప తప్పకుండా లేస్తుంది. అంతసేపు ఏడ్చి అప్పుడే కళ్ళు మూసింది. నేనూ పక్క మీదికి చేరాను.

కునుకు పడుతుండగా గోడ మీద ఒక దెబ్బ. అప్పుడే ఒకటి తిన్నారా అనుకున్నాను. చాలాసేపటికి రెండు మూడు దెబ్బలు గట్టిగా, ఆ వెనక మూలుగు. ఎప్పటికంటే పొడుగ్గా ఉందది. పాప ఉలిక్కిపడింది. నేను గోడకి దగ్గరగా జరిగి, "ఒరే సుధీ, పాప లేస్తాది. మెల్లగా" అన్నాను.

ఆ తర్వాత చప్పుడు లేదు. నేను హాయిగా నిద్రపోయాను. పాప పుట్టాక అంత గాఢంగా నిద్రపోయిన రాత్రి లేదు.

తెల్లవారి పాల కోసం దిగుతుంటే కింద వాకిలి ఊడుస్తున్న ఓనరమ్మ చీపురు ఆపి పలకరించింది. "రేత్రి మళ్ళా ఆటనా మీ తమ్మునికి? ఆ గోడ బాదేదానికి మా ఆయన లేసి కూసున్నాడమ్మా. కొంచెం సెప్పు." సరేనమ్మా అని నవ్వాను. నవ్వుతూనే చూశాను, వాడి బండి నిలబెట్టే చోటు ఖాళీగా ఉంది.

పైకి వచ్చి చూస్తే గదికి బయట తాళం వేసి ఉంది.

ఆ తాళం ముందు నిలబడి ఉండగానే నాయన ఫోన్ చేశాడు. ఆయన గొంతు నాకు అర్థం కాలేదు. వడమాలపేట దాటాక రోడ్డు పక్క కల్వర్టు కింద సుధీర్ పడి ఉంటే, పాలవ్యాను తోలే ఆయన వేకువన చూశాడట. ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది. గుద్దింది ఎప్పుడో ఎవరికీ తెలియదు. నేను మొదటిసారి ఫోన్ చేసేటప్పటికే పడిపోయి ఉండాలని పోలీసులు అన్నారు.

ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. రక్తం ఆడక కాలు చచ్చిపోయిందని, ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళమని డాక్టరు మా ఆయనతో చెప్పారు. ఆయన నాకు చెప్పలేదు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను.

ఫోన్ దూరంగా కంపచెట్లలో దొరికింది. అద్దం పగిలిపోయింది. కొత్త అద్దం వేయించాక మా ఆయన అంతా వెతికి చూశారు. వాడు బయల్దేరాక అందులో నా కాల్స్ తప్ప ఏమీ లేవు. వరసగా ఉన్నాయి. ఒకచోట ఆగిపోయాయి.

వార్డుకి మార్చాక మస్తాన్ చూడ్డానికి వచ్చాడు. జట్టు ఓడిపోయిన సంగతి ఇప్పుడెందుకని, మ్యాచ్ మాట ఎత్తకూడదని దారిలోనే నాతో అన్నాడు. సుధీర్ తనే ఎత్తాడు. మొదట్లోనే ఒకటి తిన్నారని, తర్వాత గోల్‌కీపర్‌కి రెడ్ కార్డు ఇచ్చి బయటికి పంపారని, అది అన్యాయమని అన్నాడు. తర్వాత మస్తాన్ వైపు తిరిగి, "అంతవరకే చూసినా. ఆ తర్వాత ఏమైందిరా?" అని అడిగాడు.

మస్తాన్ నా వైపు చూశాడు. యాడ చూసినావురా అని అడిగాడు.

"యాడేంది, రూములోనే" అన్నాడు సుధీర్. అది విశేషమేమీ కాదన్నట్టు చెప్పాడు. "కీపర్ బయటికి పోయేటప్పుడే కాలు నొప్పి ఎక్కువైంది. గోడ కొట్టినా. అక్కా అక్కా అని పిలిస్తిని. పాప లేస్తాది మెల్లగా అంటివి గదక్కా. సరేలే అని ఊరుకుంటిని."

గోడకి నేనన్న మాట అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

బయటికి వచ్చాక మస్తాన్ అడిగాడు, వార్డులో ఎవరైనా మ్యాచ్ సంగతి చెప్పి ఉంటారా అని. వాడు చెప్పినవన్నీ నిజంగా జరిగినవేనట. వార్డులో ఉన్నవాళ్ళు పీలేరు రైతు ఒకాయన, కొండకి వచ్చి జారిపడిన ముసలావిడ, వాళ్ళ మనుషులు. నర్సులని కూడా అడిగాను. ఏ మ్యాచ్ అన్నారు.

మా ఆయన తనకి తోచిన కారణాలు చెప్పారు. వాడు దెబ్బ తగిలి కలగన్నాడని, నేను నిద్రలో ఉన్నానని, ఓనరమ్మ విన్నది వేరే ఇంటి చప్పుడని. ఒక్కొక్కటి విడిగా తీసుకుంటే నమ్మవచ్చు. అన్నీ కలిపి నమ్మడం నా వల్ల కావడం లేదు.

నన్ను వదలనిది అది కూడా కాదు. కుర్చీ చప్పుడు వినిపించకపోయి ఉంటే నేను ఫోన్ చేస్తూనే ఉండేదాన్ని. మస్తాన్‌ని లేపేదాన్ని. దారిలో వాడు దొరికేవాడు. ఆ రాత్రి గోడ అవతల ఉన్నది నా తమ్ముడే అయితే, సాయం కోసం వచ్చి, తనకి అందాల్సిన సాయాన్ని తనే ఎందుకు ఆపుకున్నాడు? వాడు కాకపోతే, నన్ను నిద్రపుచ్చింది ఎవరు? అమ్మ దీన్ని దేవుడి దయ అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

సుధీర్ ఇప్పుడు మాతోనే, మా రెండు గదుల్లో ఒకదానిలో ఉంటున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళు కూర్చుని చేసే పని ఇస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు. వాడి జట్టు బాగుపడలేదు. ఈ రాత్రి మళ్ళీ యూరప్ మ్యాచ్ ఉంది. పాప నా పక్కన నిద్రపోతోంది, నేను ఇది రాస్తున్నాను.

వాడి గదిలోంచి ఏ చిన్న చప్పుడైనా నేను లేచి వెళ్తున్నాను. ఇప్పటికే రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వాడు ఫోన్ మీంచి తల ఎత్తకుండానే, "ఉండాన్లే అక్కా, పోయి పండుకో" అన్నాడు.

ఇప్పుడు మళ్ళీ మూలిగాడు. గోల్ పడిందో, లేని కాలు నొప్పి పెడుతోందో ఇక్కడి నుంచి నాకు తెలియదు. పాప లేచినా సరే, వెళ్ళి చూసి వస్తాను.