రేకు బోర్డు మీద పిచ్చుక

మా ఆయన బోర్డులు రాసే మనిషి. నోట్లో నాలుక లేదు. ఆ లోటు నేను తీరుస్తుంటాను. ముప్ఫై ఏళ్లు ఈ ఊరి వీధుల్లో ఎటు చూసినా ఆయన అక్షరాలే. ఇప్పుడు ప్రింటింగ్ షాపులో ఫ్లెక్సీలను ఫ్రేములకు బిగిస్తాడు. పగలంతా కంప్యూటర్ అక్షరాలకు మేకులు కొట్టి ఇంటికొచ్చి, కంచం పక్కన తడివేలితో 'క' రాసుకుంటాడు. తలకట్టు కుదరకపోతే తుడిచి మళ్లీ రాస్తాడు.

ఇక మా అన్నయ్య కూతురి సంగతి. ఫోన్లో దానికో పేజీ ఉంది. ఎవరో గోడ మీద గీసిన బొమ్మ, ఇంటర్నెట్‌లో దొరికిన వింత, ఏ సందులోనో అరిగిపోయిన మెట్లు, దాని కంటికి నచ్చినదల్లా అందులో పెడుతుంది. లక్షమంది చూస్తారట. ఊళ్లో సందుగొందులన్నీ తిరిగే పిల్లకు మా గుమ్మం మాత్రం రెండేళ్లుగా దొరకలేదు.

మొన్న దానికి దొరికిన వింత మా వీధి చివర దర్జీ కొట్టు బోర్డు. పసుపు రేకు మీద ఎర్రటి అక్షరాలు, పక్కన కత్తెర. ఎరుపు వెలిసి, అంచులు తుప్పు పట్టాయి. ఫోటో కింద రాసింది: "ఇన్నాళ్లలో నాకు దొరికిన వాటన్నిటిలో ఇదే నాకిష్టం. రాసింది ఎవరో ఎవరికీ తెలియదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బోర్డు రాసిన రోజు ఈ పిల్ల అక్కడే ఉంది. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంటే ఆరేళ్ల పిల్లను మా దగ్గర వదిలారు. నిచ్చెన కింద కూర్చుని, "మామయ్యా, పిచ్చుకను వెయ్యి" అని ఒకటే ఏడుపు. సంతకం పెట్టాల్సిన కింది మూలన ఆయన బొటనవేలంత పిచ్చుకను వేశాడు. ఆ రోజు నుంచి ఆయన రాసిన ప్రతి బోర్డు మీదా సంతకం అదే. దాని ఫోటోలో ఆ మూల లేదు.

"మరిచిపోయి ఉంటుందిలే. అప్పుడు చిన్నపిల్ల" అన్నాడు.

"మరిచిపోయిందో, మింగేసిందో. మా మామయ్య రాశాడని ఒక్క ముక్క రాస్తే దాని సొమ్మేం పోయింది?"

"పోనీలే" అన్నాడు గానీ ఫోన్ వదల్లేదు. ఆ ఒక్క ముక్క ఎక్కడైనా ఉందేమోనని కామెంట్లన్నీ కూడబలుక్కుంటూ చదివాడు. మా అన్నయ్య ఇంట్లో ఆయన్ని నలుగురిలో ఏనాడూ మనిషిగా లెక్కించలేదు. ఆ ఇంటి పిల్ల నోటి నుంచి ఆ మాట వస్తే చాలనుకున్నాడు. నాకు జాలేసింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

చివరికి కళ్లజోడు తీసి, "ఎరుపంతా ఎగిరిపోయింది, చూశావా? ఇంతమంది చూస్తుంటే పిల్ల పరువేం కాను?" అన్నాడు.

దాని పరువట.

ఆదివారం పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లాడు. తుప్పు గీకి, సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టి, అక్షరం అక్షరం కొత్తగా దిద్దాడు. అన్నిటికంటే చివర పిచ్చుకను వేశాడు. గోళ్లనిండా ఎర్రరంగుతో, ఈలవేస్తూ ఇల్లు చేరాడు. ఆయన ఈల విని ఎన్నేళ్లయిందో.

మర్నాడు సాయంత్రం దర్జీ మమ్మల్ని పిలిపించాడు. వెళ్లేసరికి మేనకోడలు కొట్టు ముందు చిందులు తొక్కుతోంది.

"ఎవడో డబ్బాడు రంగు తెచ్చి నాశనం చేశాడు."

"ఎవడో కాదమ్మా, మీ మామయ్యే" అన్నాడు దర్జీ.

"నువ్వా మామయ్యా? దాని అందమంతా ఆ వెలిసిపోవడంలోనే ఉంది. వచ్చేవారం ప్రదర్శనలో పెట్టాల్సిన బోర్డు ఇది. నన్నొక్క మాట అడగొచ్చు కదా."

"చదవడానికి రాకపోతే బోర్డెందుకమ్మా?" అన్నాడాయన.

"నీకు అర్థం కాదు. ఎలా ఉండేదో చూడు" అంటూ కోపంలో ఫోన్ ఆయన మొహం ముందు పెట్టింది. మూల కత్తిరించని అసలు ఫోటో అది. బోర్డంతా ఉంది. కింది మూల కూడా ఉంది.

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "పిచ్చుక ఉందే" అన్నాడు.

దాని మొహం పాలిపోయింది. "అది కాదు మామయ్యా... రాసిందెవరో తెలియదంటేనే జనం ఆగి చూస్తారు. మా మామయ్యే అంటే, ఇంట్లోవాళ్లను పొగుడుకున్నట్టు ఉంటుంది."

పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా. దుమ్ము దులుపుదామని నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఆపడం అదే మొదలు.

రెండో పూతకని నిచ్చెనతో పాటు కొట్టులోనే ఉంచిన పసుపు డబ్బా తెరిచాడు. నిచ్చెన గోడకు ఆనించాడు.

"కొంచెం పట్టుకో తల్లీ" అన్నాడు.

పట్టుకుంది. చిన్నప్పుడు కూర్చున్న చోటే నిలబడింది. ఆయన వెడల్పాటి కుంచె ముంచి, పిచ్చుక మీదుగా ఒక్క గీత లాగాడు. పూత పలచనేమో, ఎర్రటి ముక్కు కాస్త కనిపించింది. ఇంకో గీత లాగాడు.

దిగి, చేతులు తుడుచుకుని, ఫోన్ దాని చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు తీసుకో ఫోటో. మూల కత్తిరించే పని లేదు."