గొర్రెపిల్ల కప్పుకున్న నా నెమలి

నేను తీవ్రమైన కోపంలో ఉన్నానని బంధుమిత్రులకు తెలియజేసుకుంటున్నాను. సెలవులన్నీ ఖర్చుపెట్టి రంగుదారాలతో నెమలి కుట్టుకున్న దిండు గలీబు పొద్దున కనిపించలేదు. వెతుక్కుంటూ గొర్రెల కొట్టంలోకి వెళ్తే, ఒక గొర్రెపిల్ల దాన్ని కప్పుకుని నిలబడి ఉంది.

"ఏంది నాయనా ఇది? నా నెమలి!" అని పక్కనే ఉన్న మా నాన్న మీద అరిచాను.

"అరవబాకరా, గొర్రె బెదురుతాది. దాని పిల్ల పుట్టంగానే చచ్చిపోయింది. ఈ పిల్లకేమో తల్లి లేదు. చచ్చిన పిల్లను తుడిచిన గుడ్డ దీనికి కప్పితే, ఆ వాసనకు తన పిల్లే అనుకొని పాలిస్తాది."

"తుడవడానికి నా గలీబే దొరికిందా?"

"చేతికి అదే అందింది. మెత్తగా ఉండాది. ఉతికినావంటే కాళ్లు ఇరగ్గొడతా. సూది పని నీకొచ్చు గదా, అది జారిపోకుండా పొట్ట కింద రెండు నాడాలు కుట్టిపో."

నా కళకు ఇంట్లో దొరికిన మొదటి గౌరవం ఇది. పళ్లు నూరుతూనే నాడాలు కుట్టాను. సాయంత్రానికి ఆ గొర్రె నా నెమలిని తోక నుంచి తల దాకా ప్రేమగా నాకి, పిల్లకు పాలిచ్చింది.

కోపం మాత్రం తగ్గలేదు. ఇంతవరకు నా కుట్టుపనిని అంత శ్రద్ధగా చూసింది ఆ గొర్రె ఒక్కటే. మీ ఇంట్లో మీ కుట్లు ఎవరి ఒంటి మీద తిరుగుతున్నాయో మీరూ చెప్పండి.