తెర మీద మిగిలిన పాత మెనూ

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యం. "ప్రోగ్రాంలో లోపం లేదు. ఆపరేటర్ తప్పు ఫార్ములా ఎంచుకున్నారు" అని విచారణ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. సంతకం పెట్టే ముందు దాన్ని ఒకసారి తెరిచి కూడా చూడలేదు.

అప్పుడు నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక కోళ్ల దాణా ఫ్యాక్టరీలో కంట్రోల్ ఇంజనీరుని. హోదాలో మేనేజర్ కింద, షిఫ్ట్ సూపర్‌వైజర్ల పైన. నగరంలో కరెంటు కోతలు దాదాపు ఆగిపోయిన తర్వాతి వేసవి అది. మొక్కజొన్న, సోయా చెక్క, సున్నపురాయి పొడి వేర్వేరు తొట్ల నుంచి తూకం ప్రకారం మిక్సర్‌లో పడాలి. ఆ పని చేయించే కంప్యూటర్ నా బాధ్యత.

ఏ దాణాలో ఏది ఎంత పడాలో చెప్పే లెక్కని మేము ఫార్ములా అంటాం. ఫార్ములాలు రాసేది మేడపై లేబులోని మేడం. ముడిసరుకుని బట్టి ఆమె తన కంప్యూటర్‌లో కొత్తవి చేర్చేవారు, పాతవి తీసేసేవారు. కింద మిక్సర్ దగ్గర ఆపరేటర్ తెర మీద మెనూ తెరిచి, కావలసిన పేరు నొక్కితే బ్యాచ్ మొదలయ్యేది. రెండు కంప్యూటర్లకీ మధ్య ఒక తీగ, నా ప్రోగ్రాం.

ఒకరోజు కీసర వైపు ఫారం నుంచి ఫిర్యాదు వచ్చింది. మేం పంపిన చిక్ దాణా, అంటే కోడిపిల్లల దాణా, తిన్న పిల్లలు వరసగా చచ్చిపోతున్నాయి. పరీక్షిస్తే అందులో సున్నం విపరీతంగా ఉంది. సంచుల్లోకి వెళ్లింది లేయర్ దాణా. గుడ్లు పెట్టే కోళ్లకు పెంకు గట్టిపడాలని అందులో సున్నం ఎక్కువ వేస్తాం. అదే కోడిపిల్లలకు పెడితే కిడ్నీలు పోతాయి.

ఆ షిఫ్టులో మిక్సర్ మీద ఉన్నది స్వరూప. జనగామ వైపు నుంచి వచ్చి, నాచారంలో అద్దెకుంటూ, సంచులు కుట్టే పని నుంచి ఆపరేటర్ దాకా ఎదిగిన మనిషి. మేనేజర్ గదిలో ఆమె చెప్పింది ఒక్కటే.

"నేను చిక్కే నొక్కిన సార్. తెర మీద చిక్ అనే ఉండె. నాకేమన్న కండ్లు పోయినయా?"

నేను లాగ్ చూపించాను. ఏ బ్యాచ్‌లో ఏది తయారైందో కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా అది. అందులో 'లేయర్' అని స్పష్టంగా ఉంది. మనిషి అబద్ధమాడొచ్చు, లాగ్ ఆడదు అన్నాను. మేనేజర్ ఆమెను పనిలోంచి ఆపేశారు.

అంతటితో ఊరుకోలేదు నేను. ఒకసారి అనుమానం మొదలైతే, దానికి మేత వేయడానికి నా బుర్ర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆమె మరిది చర్లపల్లిలో ఇంకో దాణా కంపెనీ వ్యాన్ నడుపుతాడని గుర్తొచ్చింది. షిఫ్ట్ మార్చినందుకు ఆమె అలిగిన సంగతి గుర్తొచ్చింది. విడివిడిగా ఏమీ కాని వాటిని పక్కపక్కన పెట్టి ఒక కుట్రగా కుట్టుకున్నాను. ఆ వారంలోనే మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీకి మనుషులను తీసుకునే పర్సనెల్ ఆఫీసరు నాకు ఫోన్ చేశాడు. ఒకప్పుడు నాతో పనిచేసినవాడు. స్వరూప అనే ఆమె పని అడుగుతోంది, ఎట్లాంటి మనిషి అని అడిగాడు. "జర సూసుకొని తీసుకో అన్నా" అన్నాను. మరేమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ అదే జరిగింది. ఈసారి సంచులు గేటు దాటకముందే లేబులో దొరికింది. మిక్సర్ మీద ఉన్నది ఇంకో ఆపరేటర్, మల్లేశం. అప్పటికైనా నా ప్రోగ్రాంని అనుమానించాలి కదా. నేను మల్లేశాన్ని అనుమానించాను. స్వరూప పోతూ పోతూ ఇతనికి నేర్పి పోయిందనుకున్నాను. ఒకపూట ఆ ఫార్ములాలు మార్చే లేబు మేడం మీదకు కూడా నా చూపు పోయింది.

చివరికి తప్పు నొక్కే చేతిని అక్కడికక్కడే పట్టుకోవాలని మిక్సర్ గదిలో మల్లేశం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"గిట్ల మీద కూసుంటే ఎట్ల సార్? పెండ్లిచూపుల లెక్క సూస్తుండ్రు" అన్నాడతను.

"నీ పని నువ్వు చెయ్యి" అన్నాను.

అతను మెనూ తెరిచాడు. చిక్ నొక్కాడు. నేను చూస్తుండగానే నొక్కాడు. తెర మీద పైన చిక్ అనే వచ్చింది. వెనక సున్నపురాయి తొట్టిలోంచి పొడిని మిక్సర్‌లోకి తోసే స్క్రూ తిరగడం మొదలైంది. చిక్ దాణాకి అది కాసేపు తిరిగి ఆగిపోవాలి. ఆగలేదు. నేనే లేచి మీట నొక్కి ఆపాను. లాగ్ తీస్తే, 'లేయర్' అని ఉంది.

"ఇగ సూడుండ్రి. నన్ను పోలీసులకు పట్టియ్యున్రి" అన్నాడు మల్లేశం. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వులో నాకు చోటు లేదు.

కారణం అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా ప్రోగ్రాం మొదలైనప్పుడు లేబు నుంచి ఫార్ములాల పేర్లు ఒకసారి చదివి మెనూలో పెట్టుకునేది. తర్వాత లేబులో ఏం మారినా మెనూకి తెలియదు. అంతకంటే ఘోరం, ఆపరేటర్ పేరు నొక్కితే ప్రోగ్రాం ఆ పేరును పంపేది కాదు, వరసలో అది ఎన్నోదో ఆ అంకెను పంపేది. లేబు మేడం జాబితాలో పైనున్న ఒక పాత ఫార్ములా తీసేస్తే అక్కడ కిందివన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగేవి. కింద తెర మీద మాత్రం పాత వరసే. చిక్ ఉన్న చోటికి లేయర్ వచ్చి కూర్చుంది. లాగ్ రాసేది తయారైన దాని పేరు. ఆపరేటర్ కంటికి కనబడిన పేరు అందులో ఎక్కడా లేదు. లాగ్ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు దాని దగ్గర లేదు, అంతే.

మరి ఇన్నేళ్లూ ఎందుకు బయటపడలేదు? కరెంటు కోతల వల్ల. రోజూ కరెంటు పోయేది, వచ్చాక ప్రోగ్రాం మళ్లీ మొదలయ్యేది, మెనూ కొత్తగా నిండేది. కోతలు తగ్గాయి. ఎప్పుడో పోయే ఆ కాసేపటికి కూడా కంప్యూటర్ ఆరిపోకూడదని నేనే పట్టుబట్టి యూపీఎస్ తెప్పించాను. ఆ తర్వాత, ఎప్పుడైనా మేమే ఆపి మొదలుపెట్టి మెనూ సర్దుకున్న రోజులు తప్ప, ప్రోగ్రాం వారాల తరబడి ఆగకుండా నడిచింది. దాన్ని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

మేనేజర్ దగ్గరకు వెళ్లి చెప్పాను. "సాంకేతిక కారణాలు అని రాద్దాం, స్వరూపను పిలిపిద్దాం" అన్నారు. అది చాలదన్నాను. లోపం నా ప్రోగ్రాంలోదని, విచారణలో నేను తప్పు రాశానని నా పేరుతో రాసిచ్చాను. షిఫ్ట్ మారే వేళ, రెండు షిఫ్టుల వాళ్లూ ఉండగా చదివాను. ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడు మెనూ వరస అంకె కాదు, ఫార్ములాకి లేబు ఇచ్చిన సొంత కోడ్ పంపుతుంది. తెరిచిన ప్రతిసారీ లేబులో ఏమన్నా మారిందా అని అడిగి, మారితే మళ్లీ చదువుకుంటుంది. నొక్కిన ఫార్ములాని ఆలోపే లేబు తీసేసి ఉంటే, పక్కదాన్ని ఎంచుకోకుండా ఆగిపోతుంది. కంటికి ఏం కనబడిందో లాగ్‌లో ఉంటుంది.

తర్వాత నాచారంలో స్వరూప ఇంటికి వెళ్లాను. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది.

"పేపర్ మీద రాసిండ్రు, మంచిగనే ఉంది సార్. మరి మల్లాపూర్ల నన్ను గేటు కాడనే ఆపిండ్రు. మీ కంపెనీల నుంచే చెప్పిన్రట. ఎవరు చెప్పిన్రు?"

ఆ ఫోన్ సంగతి మా ఫ్యాక్టరీలో ఇంకెవరికీ తెలియదు. నేను చెప్పకపోతే ఆమెకూ తెలియదు.

"నేనే" అన్నాను.

"అయితే ఆడికి గూడ పోయి చెప్పుండ్రి. ఎన్ని గేట్లకు పోయిందో ఆ మాట, అన్ని గేట్లకు పోవాలె మీరు. నేను రేపు డ్యూటీకొస్త" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె వచ్చింది. నేను వారం సెలవు పెట్టి మల్లాపూర్ వెళ్లాను. "గీ ముచ్చటకు ఇంత దూరం రావాల్నా? ఫోన్ చేస్తే అయిపోతుండె గద" అన్నాడు నా మిత్రుడు. ఈ మాట నువ్వెవరికి చెప్పావు అని అడిగాను. చాలాసేపు గుర్తు రానట్టు చేసి, చర్లపల్లిలో ఒకాయన పేరు చెప్పాడు. అక్కడికి వెళ్తే ఆయన ఉప్పల్‌లో మనుషులను పనికి కుదిర్చే ఒక కాంట్రాక్టరు పేరు చెప్పాడు. అతనికి స్వరూప పేరు గుర్తుంది. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో గుర్తు లేదు. "ఏదో దొంగతనం గద సార్?" అన్నాడు. నేను అనని మాట అది. కూర్చుని మొదటి నుంచీ చెప్పాను.

మూలంలో ఒకటి మార్చినవాడు, దాని పాత నకలు ఎవరెవరి దగ్గర ఉందో వెతికి మార్చాలి. అది ప్రోగ్రాంలో నా పని. బయట కూడా నా పనే. కాంట్రాక్టరు ఇంకా ఎవరికి చెప్పాడో అడిగి, వాళ్ల చిరునామాలు రాసుకుని అక్కడి నుంచి లేచాను. ఆ వారం సెలవంతా వాటికే సరిపోయింది.