అక్క నంబరు

ఆ ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. మిగతా అందరికీ ఆమె భూతద్దం. మొదట్లో చాటుగా అనుకున్నారు, తర్వాత ముఖం మీదే అన్నారు, చివరికి "భూతద్దం గారూ, కాస్త ఈ ఫైలు చూస్తారా" అని మర్యాదగా అడిగేదాకా వచ్చింది వ్యవహారం. ఆమెకు కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

చెప్పుకోవడానికి ఆమె పని చిన్నది. నర్సు గానీ, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు గానీ, ఎవరు ఉద్యోగానికొచ్చినా వాళ్ల చదువు నిజమా కాదా, పనికి అనుమతి ఇచ్చే కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉందా లేదా, ఉంటే అది ఇవాళ్టికి అమల్లో ఉందా అని తేల్చడం. నియామకాల గదిలో కిటికీ పక్కన బల్ల, ఒక కంప్యూటరు, మోత ఎక్కువా గాలి తక్కువా అయిన ఫ్యాను, తలుపు సరిగా పడని ఇనప బీరువా. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుంది.

ఆమెకో నియమం ఉండేది. పాత ఉద్యోగం తాలూకు అనుభవం కాగితం మీద అచ్చువేసిన ఫోన్ నంబరుకు చచ్చినా ఫోన్ చేసేది కాదు. ఆ సంస్థ నంబరు తానే వేరేగా వెతికి పట్టుకునేది. "దొంగ ఇంటికి దారి దొంగనే అడుగుతామా?" అనేది. అలా ఒకసారి డైరెక్టరుగారి దగ్గరి బంధువును గుమ్మంలోంచే వెనక్కి పంపింది. "కొండను తవ్వి ఎలుకను పడతారమ్మా మీరు" అని సూపరింటెండెంటు విసుక్కుంటే, "ఆ ఎలుకే రేపు ఐసీయూలో సూది పట్టుకుంటుందండీ" అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. "పెళ్లికి ముందు నా పదో తరగతి మార్కుల కాగితం తెప్పించుకుని చూసింది మహాతల్లి. లెక్కల్లో ముప్పై ఎనిమిది. అందుకే ఇప్పటికీ నేను టైమెంతో చెబితే తనే వెళ్లి గడియారం చూసొస్తుంది" అని భర్త నలుగురిలో చెప్పి నవ్వించేవాడు.

ఇంత కచ్చితమైన మనిషి ఒకే ఒక్క చోట కళ్లు మూసుకుంది. అది ఆమె అక్క దగ్గర.

అక్క నర్సు. తల్లి పోయాక ఈమెకు జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, చదివించింది. తన పెళ్లి సంగతి మాత్రం మరిచిపోయింది. పాతికేళ్లు వార్డుల్లో తిరిగింది. అందరూ మెచ్చుకునే చేయి, సూది గుచ్చితే పిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు. అలాంటి మనిషిని కాలేయంలో పుట్టిన క్యాన్సరు ఎనిమిది నెలలు మంచాన పడేసి తీసుకుపోయింది. అది జరిగి ఆరేళ్లు.

నర్సు పోతే ఇంటివాళ్లు కౌన్సిల్‌కు మరణ పత్రం పంపాలి, పేరు కొట్టేయించాలి. ఆ సంగతి ఈమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎవరెవరివో తానే రాసి పంపింది. అక్కది మాత్రం పంపలేదు. వచ్చే వారం అనుకుంది, ఏడాది తిరగనీ అనుకుంది. అక్క ఉన్న మూడో అంతస్తు ఇల్లు ఖాళీ చేసిన రోజు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలుది కనిపించలేదు. పాత పేపర్లతో పోయి ఉంటుందిలే అని సరిపెట్టుకుంది. ఊళ్లో అందరి కాగితాలూ వెతికే మనిషి అక్క కాగితం వెతకలేదు.

పైగా ఒక అలవాటు చేసుకుంది. రోజూ పొద్దున కంప్యూటరు తెరవగానే కౌన్సిల్ సైటు పనిచేస్తోందో లేదో చూడాలి కదా, అందుకని ముందుగా అక్క రిజిస్ట్రేషన్ నంబరు కొట్టేది. అక్క పేరు వచ్చేది. దాని పక్కన పచ్చ అక్షరాల్లో 'అమలులో ఉంది' అని వచ్చేది. ఒక క్షణం చూసుకుని, ఆ తర్వాతే ఆ రోజు ఫైళ్లు ముట్టుకునేది.

ఆ ఏడాది మార్చిలో ఒక పొద్దున ఆ అక్షరాలు ఎర్రబడ్డాయి. ఇరవై రోజుల్లో గడువు ముగుస్తుందట. రెండు రోజులు ముద్ద దిగలేదు ఆమెకు. మూడో రోజు రెన్యువల్ ఫారం తెరిచింది. నంబరు, పుట్టిన తేదీ, తల్లి పేరు అడిగింది. అన్నీ నోటికొచ్చినవే. 'ప్రస్తుతం వృత్తిలో ఉన్నారా?' అన్న గడి దగ్గర చేయి ఆగింది. ఆగి, టిక్కు పెట్టింది. ఎవరికి నష్టం, చచ్చిపోయిన మనిషి వచ్చి ఎవరి ఉద్యోగం లాక్కుంటుంది అనుకుంది. మర్నాడు అక్షరాలు మళ్లీ పచ్చబడ్డాయి.

నవంబరులో, నర్సుల్ని సరఫరా చేసే ఏజెన్సీ నుంచి తొమ్మిది దరఖాస్తుల కట్ట వచ్చింది. ఆరో దరఖాస్తు మీద అక్క నంబరు ఉంది.

పేరు అక్కదే. పుట్టిన తేదీ అక్కదే. ఫొటో మాత్రం వేరే మనిషిది. ఆ మొహం చూశాక ఆమెకు కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అక్క మంచాన పడ్డ ఎనిమిది నెలలూ దగ్గరుండి చేసిన ఆయా. అక్కను 'పెద్దక్కా' అనీ, ఈమెను 'చిన్నక్కా' అనీ పిలిచేది.

అసలు సర్టిఫికెట్లు తీసుకుని విడిగా వచ్చి కలవమని కబురు పెట్టించింది. గురువారం మధ్యాహ్నం, గదిలో మిగతావాళ్లు భోజనానికి వెళ్లాక ఆ మనిషి వచ్చింది. దరఖాస్తు ఎవరి బల్ల మీదకు వెళ్తుందో ఏజెన్సీవాళ్లు చెప్పరు కదా, చిన్నక్క ఎక్కడ పనిచేస్తుందో ఆ మనిషికి ఎన్నడూ తెలియదు. తెల్లకోటు ఇస్త్రీ చేసి తొడుక్కుంది, జుట్టు బిగించి ముడి వేసింది. కిటికీ పక్కన ఎవరున్నారో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చిన్నక్కా... మీరా?"

"కూర్చో. ఆ కాగితం నీ చేతికెలా వచ్చింది?"

"పెద్దక్కే ఇచ్చింది. ఒట్టు. నేను పోతే నీకెవరు పనిస్తారే, ఇది చూపించి నా దగ్గర నేర్చుకున్నానని చెప్పుకో అంది."

"నేర్చుకున్నానని చెప్పుకోమంది. నువ్వే అక్కవని చెప్పుకోమందా?"

ఆయా తల వంచుకుంది. "మొదట నిజమే చెప్పాను చిన్నక్కా. నాలుగు చోట్లకెళ్లాను. ఆయా అంటే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. అయిదో చోట ఈ కాగితం బల్ల మీద పెట్టాను. నేనింకా నోరు తెరవకముందే కుర్చీ వేశారు. నోరు తెరవబుద్ధి కాలేదు."

ఈమెకు కోపం రావలసింది. రాలేదు. గుర్తొచ్చిందల్లా అక్క మంచం. ఆదివారాలు మాత్రమే వెళ్లేది తాను, వెళ్లినా గంట కూర్చునేది, అక్క ఒళ్లు తిప్పాల్సి వస్తే మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయేది. తుడిచింది, ఎత్తింది, కక్కు కడిగింది ఈ మనిషి. అక్క ఆయాకు సూది వేయడం ముందు దిండు మీద నేర్పింది, ఆ తర్వాత ఎముకలు తేలిన తన చేతి మీదే నేర్పింది.

"దరఖాస్తులో రాసిన నర్సింగ్ హోములో అయిదేళ్లు చేశావా?"

"చేశాను. ఈ మార్చితో మానేద్దామనే అనుకున్నాను. రిజిస్ట్రేషన్ గడువైపోతుందని తెలుసు. తీరా చూస్తే దానంతటదే రెన్యువల్ అయి ఉంది. పెద్దక్కే పైనుంచి చేయించిందనుకున్నాను చిన్నక్కా. ఇంకా చెయ్యవే అంటోందనుకున్నాను."

ఈమె దరఖాస్తు దగ్గరికి లాక్కుని పెన్ను తీసింది.

వదిలేయవచ్చు. 'వివరాలు సరిపోలేదు' అని ఒక ముక్క రాసి దరఖాస్తు తిప్పి పంపేస్తే ఈ మనిషి దారిన ఈ మనిషి పోతుంది. మార్చిలో పెట్టిన టిక్కు సంగతి ఎవరికీ తెలియదు. ఎప్పటిలాగే రేపు పొద్దున పచ్చ అక్షరాలు చూసుకోవచ్చు. నిజం చెప్పొద్దూ, చేయి ఆ ముక్క రాయడానికి సగం సాగింది కూడా. కానీ ఇరవై రెండేళ్ల నోరు ఊరుకోదు కదా.

"మరి అక్కడ ఎందుకు మానేశావు?"

"ఊరికే... దూరమని."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నాడట వెనకటికొకడు. దరఖాస్తులో ఆ మనిషి చిరునామా నర్సింగ్ హోముకు రెండు సందుల అవతలే ఉంది.

ఆయాను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నర్సింగ్ హోము నంబరు తానే వెతికి ఫోన్ చేసింది. మేట్రన్ మాట్లాడింది. ముందు ముక్తసరిగా, "తనంతట తానే మానుకుందండీ, కాగితం ఇచ్చాంగా" అంది. భూతద్దం వదల్లేదు. అడిగిన మాటే నాలుగు రకాలుగా తిప్పి అడిగింది. చివరికి అవతలి మనిషి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఆగస్టులో ఒక పెద్దాయన పోయాడు. నీరసమని చేరాడు, నడుచుకుంటూ వచ్చాడు పాపం. పొటాషియం సెలైన్‌లో కలిపి గంటల తరబడి ఎక్కించాలి కదా. ఆవిడ సూదితో నేరుగా నరంలోకి ఇచ్చేసింది. నిమిషంలో అయిపోయింది. చిన్నపిల్లకి కూడా తెలిసిన సంగతి ఆవిడకెలా తెలియలేదో నాకిప్పటికీ అర్థం కాదు. పైవాళ్లు గుండె ఆగిందని రాయించి, ఆవిడకో మంచి కాగితమిచ్చి పంపేశారు."

ఎలా తెలియలేదో ఈమెకు అర్థమైంది. అక్క ఆయాకు నేర్పింది తన జబ్బుకు కావలసినంత వరకే. ఆ మందు ఆ ఇంట్లోకి ఎన్నడూ రాలేదు.

"అసలు మీరు ఆమె రిజిస్ట్రేషన్ సరిచూశారా?" అంది. గొంతు తనకు తెలియకుండానే గద్దించింది.

మేట్రన్‌కు ఒళ్లు మండింది. "చూడకేమండీ! ఏటా ఏప్రిల్ మొదటివారం నేనే కూర్చుని అందరివీ చూస్తాను. ఈసారి ఇద్దరికి రెన్యువల్ కాలేదు, ఆ రోజే ఇంటికి పంపేశాను. ఆవిడది కూడా కాకపోతే అలాగే పంపేసేదాన్ని. పచ్చగా అమలులో ఉందని వచ్చింది. ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. ఇంతకంటే ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి!"

ఫోన్ పెట్టేసింది. మార్చి, ఏప్రిల్, ఆగస్టు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. లెక్క ఎటు తిప్పినా తన టిక్కు దగ్గరికే వచ్చి ఆగింది. ఏడ్చింది. అక్క పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

మొహం కడుక్కుని, బయటికెళ్లి ఆయా ముందు నిలబడి చెప్పింది. "రిపోర్టు రాస్తున్నానే. నీ సంగతీ రాస్తాను, నా సంగతీ రాస్తాను." ఆయా బతిమాలలేదు. "ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకునే పోయాడు చిన్నక్కా. అప్పట్నుంచి నిద్ర లేదు" అంది. లోపలికొచ్చి అసలు సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, మళ్లీ ఆ బెంచీ మీదే వెళ్లి కూర్చుంది.

సూపరింటెండెంటు రిపోర్టు రెండుసార్లు చదివాడు. "ఆవిడ సంగతి సరే. రెన్యువల్ గొడవ ఎందుకు రాశారమ్మా? ఎవరడిగారు మిమ్మల్ని?"

"నన్ను నేనే అడిగానండీ."

"కంచే చేను మేసిందని మీ గురించి మీరే రాసుకుంటారా? ఉద్యోగం పోతుంది."

"మేసిందిగా మరి."

జనవరిలో కౌన్సిల్ ఆఫీసులో విచారణ పెట్టారు. అప్పటికి ఆమెను పనిలోంచి ఆపేశారు. కిటికీ పక్క బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుంటున్నారు. అక్క పేరు కొట్టేశారు. ఆ నంబరు కొట్టి చూసే ధైర్యం ఆమెకు లేదు. భర్త తోడొస్తానంటే వద్దంది.

విచారణ గది బయట పొడవాటి వరండాలో ఒకే బెంచీ ఉంది. ఒక చివర ఆమె కూర్చుంది. కాసేపటికి నలభై ఏళ్లావిడ ఒకరు వచ్చి రెండో చివర కూర్చుంది. చేతి సంచీలోంచి నీళ్ల సీసా తీసి తాగింది, మూత పెట్టింది. ఊరికే కూర్చోలేని మనుషుల్లా మాట కలిపింది.

"మీరూ ఈ కేసుకేనా? వివరాలేమీ చెప్పకుండా రమ్మని కాగితం మాత్రం పంపారు. పోయింది మా నాన్న. మీకు తెలుసో లేదో, ఆ నర్సు చేతులు చల్లగా ఉన్నాయమ్మా, మంచి పిల్ల అని ముందు రోజు ఫోన్‌లో ఎంత మెచ్చుకున్నాడో. పేరు కూడా చెప్పాడు, రాసి పెట్టుకో, వెళ్లేటప్పుడు థాంక్స్ చెబుదాం అన్నాడు." ఆవిడ సీసా మూత మళ్లీ బిగించింది. "రాసి పెట్టుకున్నాను. ఆవిడ సూది వేయగానే పోయాడని పక్క మంచమాయన చెప్పాడు. పొద్దున లేవగానే మొట్టమొదట ఆ పేరే తలుచుకుంటాను. తలుచుకుని నోటికొచ్చిన తిట్టల్లా తిడతాను. ఆ తర్వాతే మొహం కడుక్కుంటాను. అయిదు నెలలైంది, ఒక్క రోజూ మానలేదు."

రోజూ పొద్దునే, ఊళ్లో ఒక చోట తాను చూసి మురిసిన పేరును ఇంకో చోట ఈవిడ తిట్టింది. అక్క పేరును బతికించుకున్నది ఇందుకా అనుకుంది.

"ఆ పేరు మా అక్కదండీ" అంది. "మీ నాన్నగారిని చూసింది మా అక్క కాదు. మా అక్క పోయి ఆరేళ్లయింది. ఒక్క మనిషికి కూడా కీడు చెయ్యలేదు. ఆవిణ్ణి తిట్టకండి."

ఆవిడ తెల్లబోయి చూసింది. "మరి ఎవర్ని తిట్టమంటారు?"

అప్పుడు ఆమె తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, మెల్లగా, రాసుకునేవాళ్లకు చెప్పినట్టు.