తాళాల మనిషికి మాటలెందుకు

వారపత్రికలో బొమ్మల కథల పేజీ రాసే ఆవిడను పాఠకులు కత్తెరమ్మ అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ ఆవిడకు ఆ పేరంటే మహా ఇష్టం. కొత్త కామిక్స్ ఏవి వచ్చాయి, వాటిలో ఏది కొనచ్చు, ఏది పొరపాటున కూడా ముట్టుకోకూడదు, ఏ పుస్తకాన్ని ఎవరు సినిమాగా తీస్తున్నారు, తీసి ఎంత పాడుచేశారు, ఇదంతా ఆవిడ శాఖ. బాగుంటే బాగుందంటుంది, లేకపోతే కుండబద్దలు కొడుతుంది. మధ్యలో నీళ్ళు నమలడం ఆవిడకు చేతకాదు.

పెళ్ళై అత్తవారింటికి వచ్చినప్పుడు ఆవిడ వెంట ఓ ఇనప్పెట్టె వచ్చింది. కొత్త కోడలి చీరలు చూద్దామని అత్తగారు మూత తీస్తే లోపల అన్నీ కామిక్సే. అత్తగారు తెరిచిన నోరు మూయడానికి కాస్త సమయం పట్టింది. ఆ పెట్టె వల్ల బాగుపడ్డవాడు మరిది. బళ్ళో పాఠం చదవమంటే తడబడే పిల్లాడు, వదిన పక్కన చేరి బొమ్మల్లో మాటలు గడగడా చదివేవాడు. ఇక ఉద్యోగమంటారా, అది పోట్లాటలోంచి వచ్చింది. వారపత్రికలో కామిక్స్ గురించి తప్పుల తడక రాస్తున్నారని ఆవిడ వారం వారం ఉత్తరాలు రాసేది. విసిగిపోయిన సంపాదకుడు, "అమ్మా, ఇకమీదట ఆ పేజీ మీరే రాసి నన్ను బతకనివ్వండి" అన్నాడు. అప్పుడు పట్టిన పేజీ ఆవిడ మళ్ళీ వదల్లేదు.

మరిది పెద్దవాడై సినిమాలకు మాటలు రాసే పనిలో దిగాడు. ఇన్నాళ్ళూ ఇంకొకరి పేరు వెనకే రాశాడు. తన పేరు తెర మీద పడే మొదటి సినిమా ఇప్పుడు తయారైంది. అది ఏ కథయ్యా అంటే, వదినకు ప్రాణమైన తాళాల మనిషి కథ. ఎవరిని ఏ గదిలో బంధించినా వచ్చి తలుపు తీసి వెళ్ళిపోయే మనిషి. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా అతను పెదవి విప్పడు. చుట్టూ అందరి నోళ్ళ దగ్గరా మాటల బుడగలు కిక్కిరిసి ఉంటాయి, అతని దగ్గర మాత్రం తెల్ల కాగితమే. అలాంటివాడికి మాటలు రాసే పని తెచ్చుకున్నాడు మరిది.

విలేకరుల కోసం ముందుగా వేసిన ఆటకి ఆవిడ వెళ్ళింది. హీరో తాళం తీసేముందు మాట్లాడాడు, తీస్తూ మాట్లాడాడు, తీశాక తలుపుకే నీతులు చెప్పాడు. చెవులు మూసుకుంటే పక్కవాళ్ళు చూస్తారని ఆవిడ ఊరుకుంది. ఒక్కచోట మాత్రం నిటారుగా కూర్చుంది. హీరో తను పుట్టిన పాత ఇంటి తాళం తీస్తాడు, గడప దాటడు, లోపలికి ఓసారి చూసి మళ్ళీ తాళం వేసి వెళ్ళిపోతాడు. అక్కడ ఒక్క మాటా లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "ఎలా ఉందమ్మాయ్?"

"మాటలు ఎక్కువ అత్తయ్యా."

"మన పిల్లాడు. మొదటి సినిమా. నీ రాత చూసి రేపు ఇంకెవరూ పని ఇవ్వకపోతే వాడి గతేంటి? కాస్త చూసీచూడనట్టు రాయి."

భర్త పేపరు అడ్డం పెట్టుకుని, "నన్ను మధ్యలోకి లాగకండి" అన్నాడు, ఎవరూ లాగకుండానే.

టీ పెట్టుకుని రాయడానికి కూర్చుంటే ఎన్నడూ లేనిది ఆవిడ చెయ్యి ఆగింది. భయం వేసింది. వాడు అలిగి ఈ ఇంటి ముఖం చూడకపోతే తను తట్టుకోలేదు. పోనీ మెత్తగా రాద్దామంటే, వాడు తన దగ్గర చదివినవాడు, అబద్ధం ఏ ముక్కలో దూరిందో ఇట్టే పట్టేస్తాడు. ఆ ఆలోచనతో చెయ్యి కదిలింది. "నోరు విప్పని మనిషి చేత ఉపన్యాసాలు ఇప్పించారు. మాటలు రాసింది నా మరిది. వాడికి చదవడం నేర్పింది నేనే కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. పాత ఇంటి దృశ్యం ఒక్కటీ పుస్తకంలో కన్నా బాగుంది."

పత్రిక వచ్చాక మరిది రాలేదు, ఫోనూ చేయలేదు. అత్తగారు కోడలితో అవసరానికి మించి మాట్లాడలేదు. కత్తెరమ్మ రాసింది రాసినట్టే అన్న ధీమాతో తిరిగింది గానీ, గేటు చప్పుడైతే చాలు, తల అటే తిరిగేది.

ఆదివారం పొద్దున మరిది వచ్చాడు. చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కోపం వచ్చిందా?" అంది ఆవిడ.

"రాకుండా ఎలా ఉంటుంది వదినా? నీ పేరు వింటేనే ఒళ్ళు మండింది."

"మరెందుకొచ్చావు?"

"ఆ పాత ఇంటి సీనుకి పేజీ నిండా మాటలు కావాలన్నాడు డైరెక్టరు. నేను రాయనన్నా. పోట్లాడి ఖాళీగా ఉంచా. మిగతావన్నీ వాళ్ళడిగినట్టు రాశా, అదొక్కటే నాది. తీరా సినిమా వచ్చాక ఎవరిని అడిగినా అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే అది బాగున్నట్టా?"

ఆవిడ పొయ్యి కట్టేసి అతనివైపు తిరిగింది.

"నువ్వు మిగతాదంతా ఉతికి ఆరేశావుగా," అన్నాడు మరిది. "అందుకే ఆ ఒక్క ముక్కా నమ్మాను."