ఓల్డ్ సెటిల్‌మెంట్ శ్రుతి

2023 జనవరి. ఖరగ్‌పూర్‌లో చలి బాగా పట్టిన రోజులు. ఝపటాపూర్‌లో ఉన్న నా రిపేరు షాపుకి అప్పటికే మిక్సీలు, ఇండక్షన్ స్టవ్వులు, టోటోలనే బ్యాటరీ రిక్షాల చార్జర్లు తప్ప వేరే సరుకు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. బోర్డు మీద మాత్రం బెంగాలీలోనూ తెలుగులోనూ ‘టేప్ రికార్డర్, రేడియో’ అనే ఉంటుంది. తీయించడానికి బద్ధకం.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికొచ్చాడు. నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగిన నేను రైల్వేలోకి వెళ్ళకుండా పద్దెనిమిదేళ్ళకే ఈ పనిలో పడ్డాను. రిపేర్లతో పాటు పాటలు ఎక్కించేవాణ్ణి. ఖాళీ కేసెట్, కావలసిన పాటల చీటీ తెచ్చిస్తే నాలుగు రోజుల్లో రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. సెటిల్‌మెంట్లో తెలుగు పాట మోగే ఇంట్లో నా కేసెట్ లేకుండా ఉండేది కాదు. బెంగాలీవాళ్ళు నన్ను ‘కేసెట్‌దా’, అంటే కేసెట్ అన్నయ్య, అనేవారు.

ఆ జనవరిలో ఒక మధ్యాహ్నం సహస్ర అనే అమ్మాయి సైకిల్ వెనక పెద్ద టేప్ రికార్డర్ కట్టుకుని వచ్చింది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. ఊరు కరీంనగర్ దగ్గర.

“అంకుల్, ఇది బాగు చేస్తరా?”

“ఎక్కడ దొరికిందమ్మా ఇది?”

“గోల్‌బజార్ల పాత సామాన్ల దుకాణంల. ఈ కేసెట్ దాన్ల లోపట్నే ఉండె.”

కేసెట్ చేతిలోకి తీసుకున్నాను. డబ్బాలో మడత కాగితం మీద ఆకుపచ్చ సిరాతో పది పాటల పేర్లు. ఆ అక్షరాలు నావి. ఎవరింట్లోంచి ఏ తుక్కులో పడి, ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో. ఎందుకో వెంటనే చెప్పబుద్ధి కాలేదు.

“ఈ పాటలు నీకెలా తెలుసు?”

“మా రూంల అందరికీ పిచ్చి అంకుల్. చదువుకునేటప్పుడు పెట్టుకుంటం. మస్తు ప్రశాంతంగ ఉంటయి.”

నాకు నవ్వొచ్చింది. అవే పాటలు పెడితే మా నాన్న గుమ్మంలోంచి “ఇది పాటేట్రా? డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టున్నాది” అని కేకలేసేవాడు. డ్రమ్ములతో ఇల్లు అదిరిపోయే ఆ పాటలు ఈ పిల్లలకి చదువుకోవడానికి ప్రశాంతమైన పాటలయ్యాయి.

“మీ కాలంల పాటలు బాగుండె అంకుల్” అంది మళ్ళీ.

నేనింకా కాలం చెయ్యలేదమ్మా అనబోయి ఊరుకున్నాను. నాకప్పుడు యాభై ఎనిమిది. ఆ మాట వినేదాకా అదేమంత వయసని అనుకోలేదు.

ఆమె చెప్పిన ఇబ్బంది ఇది. హాస్టల్లో ఒక సాయంత్రం పాత పాటల కార్యక్రమం పెట్టుకుంటున్నారు. టేపులో పాట వేసి, దాంతో పాటు కీబోర్డు, గిటారు వాయిస్తూ పాడాలని వాళ్ళ ఆలోచన. టేపు ఆగి ఆగి పాడుతోంది. పాడినప్పుడు కూడా కీబోర్డుకి కలవడం లేదు. “ఈ మెట్టుకు కలుస్తలేదు, పక్క మెట్టుకు కలుస్తలేదు. రెంటికీ మధ్యల ఉంటంది” అంది.

రెండు రోజుల్లో బాగు చేశాను. హెడ్, అంటే టేపు మీది పాటను చదివే భాగం, దాన్ని స్పిరిట్‌తో తుడిచాను. మోటారుకీ చక్రానికీ మధ్య ఉండే రబ్బరు బెల్టు జిగురులా కరిగిపోతే కొత్తది వేశాను. చివర్లో టెస్ట్ టేప్ పెట్టాను. అందులో పాటలేవీ ఉండవు, ఒకటే కూత. ఆ కూత శ్రుతిని కొలిచే మీటరు మూడు వేలు చూపిస్తే యంత్రం సరైన స్పీడులో తిరుగుతున్నట్టు. కోల్‌కతాలో ఒక పెద్దాయన షాపు మూసేస్తూ ఆ టేప్ నాకిచ్చాడు. మీటరు సరిగ్గా మూడు వేల దగ్గర నిలబడింది.

సహస్ర వచ్చాక ఆమె కేసెట్ వేశాను. నలభై ఏళ్ళ క్రితం ఎలా విన్నానో అలాగే ఉంది పాట. ప్రాణం లేచొచ్చింది.

“ఇంకా కలుస్తలేదు అంకుల్” అంది. ఫోన్లో అదే పాట పెట్టి వినిపించింది. నాకది సాగదీసినట్టుంది.

“ఫోన్లోదే తప్పమ్మా. పాత రికార్డుని సాఫ్ సేసినప్పుడు నెమ్మది సేసీసినారు.”

“అన్ని యాప్‌లల్ల ఇట్లనే ఉంది కదా.”

“అన్నిట్లోనూ తప్పే. నువ్వు పుట్టకముందు నుంచి ఈ పాట నాకు తెలుసు. నా సెవికి తెలీదేటి?”

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. థాంక్స్ చెప్పి టేప్ రికార్డర్ సైకిల్‌కి కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ముఖం చూశాక నాకు అన్నం సహించలేదు.

ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, “రిపేరు సేసేవోలు మీరు. ఆ పిల్ల ఏటో తేడా ఉందంటే సూడాల గానీ, తగువెందుకండీ?” అంది. అంతే. ఆమె తన పనిలో పడిపోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

మర్నాడు అటక మీంచి నా పాత రికార్డింగ్ డెక్ దించాను. ఊళ్ళో కేసెట్లన్నీ ఎక్కించింది దాని మీదే. దుమ్ము దులిపి, కొత్త బెల్టు వేసి, టెస్ట్ టేప్ పెట్టాను. మీటరు మూడు వేలకి చేరనే లేదు. బెల్టు మార్చి చూశాను, రోలర్ తుడిచి చూశాను. ముల్లు అక్కడే.

మూత విప్పాను. మోటారు స్పీడు సరిచేసే చిన్న స్క్రూ మీద ఎర్రటి చుక్క ఉంది. నెయిల్ పాలిష్. ఒకసారి సరిచేసిన స్క్రూ కదలకుండా మేం అలా చుక్క పెడతాం. అది మా చెల్లెలి సీసాలోది. పంతొమ్మిదేళ్ళ వయసులో మోటారు మార్చి, మీటరు లేక చెవితోనే స్పీడు పెట్టి, ఇదే సరైనదని సీలు వేసింది నేనే.

నెమ్మదిగా తిరిగే యంత్రంలో ఎక్కించిన పాటను సరైన యంత్రంలో వేస్తే, స్పీడు పెరిగి శ్రుతి పైకెక్కి వస్తుంది. ఒక్క కేసెట్ కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో, పూజ పందిళ్ళలో, కాసాయ్ నది ఒడ్డున పిక్నిక్కుల్లో మోగినవన్నీ అలాంటివే. ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తం ఆ పాటల్ని లోకం కన్నా కొంచెం గబగబా, కొంచెం పైన విన్నది. మా చెవులు దానికే అలవాటు పడ్డాయి. సిగ్గేసింది. తరవాత ఒక్కణ్ణే పగలబడి నవ్వాను.

రిపేరు చీటీ మీద నంబరు ఉంటే సహస్రకి ఫోన్ చేసి, “తప్పు నాదేనమ్మా. ఆదివారం మిషను పట్టుకురా” అన్నాను.

ఆదివారం ఆమె వచ్చేసరికి నా చిన్ననాటి స్నేహితుడు అప్పలస్వామి షాపులో కూర్చుని టీ తాగుతున్నాడు. నాకన్నా మూడేళ్ళు పెద్ద, వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరికీ జరిగింది చెప్పాను. కాగితం మీది రాత నాదేనని కూడా చెప్పాను.

“ఇది మీ రైటింగా!” అంటూ సహస్ర ఆ కాగితాన్ని ఫోటో తీసుకుంది.

ఆమె మిషన్లో స్పీడు స్క్రూ తిప్పి తగ్గించాను. పాట కిందికి దిగి ఫోన్లో పాటతో అచ్చంగా కలిసింది. పని పూర్తయిందనుకున్నాను.

అప్పలస్వామి గ్లాసు కింద పెట్టాడు. “ఒరే, ఇదేటిది? పాటకి జొరం వొచ్చినట్టున్నాది. నా పెళ్ళిలో ఇలాగే ఉందేటి? ఇలాగుంటే ఎవడు ఎగురుతాడు?”

“నీ పెళ్ళప్పుడే తప్పురా. ఇప్పుడు ఒప్పు.”

“అయితే ఆ తప్పే ఎయ్యి.”

సహస్ర మా ఇద్దరి వంకా చూసింది. “అంకుల్, ఒకసారి మళ్ల ముందటి లెక్క పెట్టుండ్రి” అంది. పెట్టాను. కళ్ళు మూసుకుని పాట సగం దాకా విని, వేలితో బల్ల మీద తాళం వేసింది.

“ఇట్లనే ఉంచుండ్రి. కీబోర్డుల ట్యూనింగ్ మార్చుకోవచ్చు. గిటారు తీగలు బిగించుకుంటం. మేమే దీని స్పీడుకు వస్తం.”

“అది తప్పు కదమ్మా?”

“మీ ఊర్ల అందరూ ఇట్లనే విన్నరు కదా అంకుల్. మేం కూడ ఇదే ఊర్ల ఉన్నం.”

స్క్రూ యథాస్థానంలో పెట్టి మిషను ఇచ్చేశాను.

కార్యక్రమానికి నన్నూ, అప్పలస్వామినీ పిలిచారు. టోటో ఎక్కి వెళ్ళాం. హాస్టల్ ముందు గడ్డిలో యాభై అరవై మంది పిల్లలు. మాకు మాత్రం ముందు వరసలో దిండ్లు వేసిన కుర్చీలు! “సూసినావా, ముసిలోల్ని సేసి కూకోబెట్టినారు” అని అప్పలస్వామి గొణిగాడు. పాట మొదలవగానే ఆ దిండు కింద పడేసి లేచి నిలబడింది కూడా అతనే.

నా పాటలు, నా స్పీడు, పైన కొత్త పిల్లల గొంతులు. మాటలన్నీ కంఠతా వచ్చు వాళ్ళకి. నాకు రాని చరణాలు కూడా వచ్చు. మొదట్లో గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. మేం ఇంట్లో తిట్లు తిని దాచుకున్న పాటలు వీళ్ళకి ఊరికే దొరికేశాయే అని. రెండో పాటకి అది పోయింది. ఎవరో ఒకమ్మాయి చెయ్యి పట్టుకు లాగితే నేనూ నాలుగడుగులు వేశాను. మోకాలు కలుక్కుమన్నా ఆగలేదు.

కేసెట్ మొదటి వైపు ఆఖరి పాట వచ్చింది. కేసెట్లో చోటు చాలక ఆ పాటను రెండో చరణం మధ్యలో, మాట సగంలో కత్తిరించాల్సి వచ్చింది నాకు. మా సెటిల్‌మెంట్లో ఎవరు పాడినా అక్కడిదాకానే పాడి ఆపేసేవారు. టేపు అక్కడికి రాగానే టక్కున ఆగింది. అలవాటు కొద్దీ నేనూ, అప్పలస్వామీ ఆపేశాం. పిల్లలు ఆపలేదు. తెగిన మాట అందుకుని, అదే స్పీడులో, అదే పై శ్రుతిలో చరణం పూర్తి చేసి, పల్లవి రెండుసార్లు పాడి ముగించారు. ఆ పాటకి ముగింపు అంత బాగుంటుందని నాకు తెలియదు.

ఆ రిపేరు తరవాత షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా వచ్చి తేడాగా ఉందంటే నా అనుభవం ఎన్నేళ్ళో చెప్పను. ముందు మీటరు పెడతాను. చెవి మంచి పనిముట్టే గానీ, తనకి అలవాటైనదాన్నే సరైనదంటుంది. వేరేవాళ్ళ యంత్రాల్లో తప్పులు పట్టడం నలభై ఏళ్ళుగా నా పని. నా తప్పు పట్టింది ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల. పట్టి, దిద్దొద్దని కూడా తనే చెప్పింది.