లోపలి చక్రం

మా ఆయన కాలు మీద లారీ చక్రం ఎక్కి ఉండగా నేను చేసిన పనుల్లో ఒకటి, కొడవలి వెనక్కి తిప్పి పట్టుకుని నా మరిది మణికట్టు మీద కొట్టడం. మా ఊళ్లో కొందరు ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుంటారు, నేను ఎదురైతే ముఖం తిప్పుకుంటారు. తిప్పుకోనీ. కొట్టాను, గట్టిగానే కొట్టాను. ఎందుకు కొట్టానో రాయడానికే కూర్చున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. మెత్తమెత్తగా రాయడం నాకు చేతకాదు.

మాది శంషాబాద్ పక్క పల్లె. పొలాలు కొన్ని విమానాల కిందికి పోయాయి, కొన్ని గోదాముల కిందికి పోయాయి. మాకు రెండు బర్రెలు మిగిలాయి. పొలం పోయిందని బర్రెలకు తెలియదు, వేళకు గడ్డి అడుగుతాయి. కొత్తూరు వైపు పెద్దరోడ్డు పక్కన, గోదాముల ప్రహరీల వెంట పచ్చిగడ్డి ఏపుగా పెరుగుతుంది. పొద్దున్నే ఇద్దరం పోయి కోసుకొచ్చేవాళ్లం. పెద్ద మోపు సైకిల్ వెనక కట్టుకుని ఆయన మెల్లగా తొక్కేవాడు. చిన్న మోపు నెత్తిన పెట్టుకుని నేను వెనక నడిచేదాన్ని.

మోపు కట్టిన సైకిల్ వెడల్పు, మనిషి రెండు చేతులూ చాచినంత ఉంటుంది. తొక్కేవాడికి వెనక ఏం వస్తుందో కనిపించదు. గడ్డి గరగరలో సరిగా వినిపించదు కూడా. ఆ రోజు కూడా అన్నాను.

"గంత మోపు ఎందుకయ్యా? రెండు తాపల పోదాం."

"రెండో తాప నువ్వు పో. నా మోకాళ్లు నీ లెక్క ఇనుప మోకాళ్లు గావు."

"రేపు ఆ మోపుల నిన్ను సుత కట్టుకపోవాలె."

"కట్టుకపో. బర్రెలు నన్నైతె ముట్టయి."

నవ్వుకుంటూ సైకిలెక్కాడు. గోదాముల దారి ఎడమకు చీలే మలుపు దగ్గర చాయ్ డబ్బా ఉంటుంది. అక్కడ ఆగి నా కోసం చూడడం ఆయనకు అలవాటు. నేను పిలుపు దూరంలో ఉండగా వెనక నుంచి పొడుగు కంటైనర్ లారీ ఒకటి నన్ను దాటిపోయింది. ఎడమ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. నిదానంగానే పోయింది. ఈ మాట పోలీసులకూ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను.

మలుపు దగ్గరకు పోయి లారీ మొదట కుడికి జరిగింది. ఎడమ పక్కన ఖాళీ దొరికింది. ఆయన ఆగలేదు. ఆ ఖాళీలోకి తొక్కి, లారీ తిరగడం మొదలుకాగానే సైకిల్ దిగి, లారీ డబ్బా పక్కకు చేరి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఎందుకు అలా నిలబడ్డాడో పట్నం వాళ్లకు అర్థం కాదు. మాకు అర్థమవుతుంది. మేము ఎడ్లబండి మనుషులం. ఎడ్లు ఎడమకు తిరిగితే బండి ఎడమ చక్రం ఉన్నచోటనే నిలబడి మెదులుతుంది. కుడి చక్రమే పెద్ద చుట్టు తిరిగి వస్తుంది. దెబ్బ తగిలితే ఆ బయటి వైపు వాడికే తగలాలి. అందుకని చిన్నప్పటి నుంచి మాకు ఒకటే తెలుసు. బండి తిరుగుతుంటే లోపలి చక్రం పక్కకు చేరి, బండికి చెయ్యి ఆనించి నిలబడాలి. మా ఆయన పహాడీ షరీఫ్ దాకా ఎండుగడ్డి బండి తోలినవాడు. చేతికి ఆ అలవాటు పోలేదు.

పొడుగు లారీకి లోపలి చక్రం నిలబడదు. ముందు భాగం దూరంగా పోయి తిరుగుతుంది. వెనక చక్రాలు దాని జాడలో రావు, మూల కోసుకుంటూ లోపలికి వస్తాయి. మనకు దారి ఇచ్చినట్టు కనిపించిన ఖాళీ, చూస్తుండగానే మూసుకుపోతుంది. లారీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డవాడికి అది తన మీదికి వస్తోందని తెలిసేసరికి అడుగు తీసే జాగా ఉండదు.

నేను మోపు పారేసి అరిచాను. వెనక చక్రం మొదట గడ్డిమోపును పట్టింది. సైకిల్ ఇనుము విరిగిన చప్పుడు వచ్చింది. ఆయన బోర్లా పడ్డాడు, ముందుకు పాకబోయాడు. చక్రం కుడి కాలు మీదికి ఎక్కింది. నేను ఉరికిపోయి కొడవలితో లారీ డబ్బా మీద ధనధన బాదాను. లారీ ఆగింది. ఆయన పిక్క మీదనే ఆగింది.

ఆయన అరుపు నేను రాయను. రాయడానికి అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు.

డ్రైవర్ దిగి వచ్చాడు. ఇరవై అయిదేళ్లు కూడా ఉండవేమో, ఎక్కడో ఉత్తరాది పిల్లగాడు. చక్రం కింద చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అంతే, ఒక్క మాట ఆడే సందు దొరకలేదు. చాయ్ డబ్బా దగ్గరి వాళ్లూ, డ్యూటీకి పోయే వాళ్లూ మీద పడ్డారు. అందులో సగం మా ఊరివాళ్లే. నా మరిది కూడా అక్కడే చాయ్ తాగుతున్నాడు, ఆ గోదాముల్లోనే హమాలీ పని అతనిది. మొదటి గుద్దు అతనే గుద్దాడు.

పిల్లగాడిని కింద పడేసి తొక్కారు. ఒకడు సైకిల్ చైను తీసి కొట్టాడు. చైను తగిలిన చోట చెంప చీలి పళ్లు కనిపించాయి. ఇంకొకడు రాయి విసిరితే లారీ అద్దం పొడిపొడి అయి రాలింది. ఎవడో సీసాలో పెట్రోలు పట్టుకొచ్చాడు.

"లారీ కాలబెట్టుండ్రిరా!"

"కింద మా ఆయన ఉన్నడురా, కండ్లు పోయినయా మీకు?" అని నేను వాడి చేతి మీద కొడవలి ఆడించాను. సీసా కింద పడి పగిలింది. పెట్రోలు వాసన, పచ్చిగడ్డి వాసన, రక్తం వాసన కలిసిపోయాయి.

తిరిగి చూస్తే నా మరిది సిమెంటు ఇటుక రెండు చేతులా ఎత్తి, పిల్లగాడి తల మీద వేయబోతున్నాడు. అప్పుడు కొట్టాను మణికట్టు మీద. ఇటుక పక్కకు పడింది.

"వదినా! నన్ను కొడుతున్నవా? మా అన్న సచ్చిపోతున్నడు ఆడ!"

"సావలేదు. ఇంకా సావలేదు. వీని తల పగిలితె లారీ నువ్వు నడుపుతవా? నీకు వస్తదా? చెప్పు, వస్తదా?"

జనం వైపు తిరిగాను.

"గీడ ఎవనికన్న వస్తదారా ఇంత పొడుగు లారీ నడుపుడు?" అని అందరినీ అడిగాను. ట్రాక్టర్ నడిపేవాళ్లు ఉన్నారు, ఆటో నడిపేవాళ్లు ఉన్నారు. ఒక్కడూ ముందుకు రాలేదు.

"క్రేన్ వస్తదంట, జర ఆగు పెద్దమ్మా," అన్నాడు చాయ్ డబ్బా అతను.

ఆయన ముఖం చూశాను. పెదవులు మట్టి రంగుకు తిరిగాయి. క్రేన్ వచ్చేదాకా ఉండే ముఖం కాదు అది.

పిల్లగాడి చొక్కా పట్టుకుని లేపాను. నడవలేకపోయాడు. ఈడ్చుకుపోయాను. దారిలో ఎవడో వాడి వీపు మీద తన్నాడు, నేను తిరగకుండానే కొడవలి వెనక్కి ఊపాను, ఎవడికో గీరుకుంది. ఇప్పటికీ ఎవడని అడగలేదు. లారీ తలుపు దగ్గర పిల్లగాడు మెట్టు పట్టుకుని ఏడ్చాడు.

"అమ్మా, ఏ లోగ్ మార్ డాలేంగే."

"చంపరు. నేనున్న. ఎక్కు."

కొంగుతో వాడి కళ్లలోని రక్తం తుడిచాను. ఎక్కి కూర్చున్నాడు. నేను మెట్టు మీద నిలబడి ఒక చేత్తో తలుపు పట్టుకున్నాను, ఇంకో చేతిలో కొడవలి. కింద జనం అందరూ "ముందుకు, ముందుకు" అని అరుస్తున్నారు. పిల్లగాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆగే నహీ, అమ్మా. పీఛే."

నాకు అర్థమైంది. ఆయన చక్రానికి ముందు పడి ఉన్నాడు. ముందుకు పోతే చక్రం కాలు మీది నుంచి నడుము మీదికి పోతుంది. వచ్చిన జాడనే వెనక్కి పోవాలి.

"మరిదీ!" అని అరిచాను. "మీ అన్న చంకల కింద చేతులేసి పట్టుకో. చక్రం లేస్తనే గుంజు. ఎవడన్న ముందుకు అంటె వాని నోట్ల మన్ను కొట్టు."

మరిది చక్రం ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు. లారీ ముందుకు జారితే అతనూ పోతాడు. అది అతనికి తెలుసు. అయినా కూర్చున్నాడు. అతని గురించి ఏం రాసినా ఈ మాట కూడా రాయాలి.

ఇంజను గుర్రుమంది. బ్రేకు వదలగానే లారీ వెనక్కి పోలేదు, ముందుకు ఒక్క ఊపు ఊగింది. జనం కేకలు పెట్టారు. ఆయన అరిచిన అరుపుకు పిల్లగాడు స్టీరింగు మీది నుంచి చేతులు తీశాడు. వదిలేసి దూకుతాడనుకున్నాను. కొడవలి వాడి మెడకు ఆనించాను.

"నడుపు."

లారీ వెనక్కి పోయింది. గడ్డిలోంచి చక్రం లేచిన చప్పుడు విన్నాను. మరిది వెల్లకిలా పడ్డాడు, అన్నను గుండెల మీద వేసుకుని. కాలు కూడా వచ్చింది, కానీ అది కాలులా లేదు. మరిది తన తువ్వాలు తీసి తొడ దగ్గర బిగించి కట్టాడు, పళ్లతో గుంజి ముడి వేశాడు.

అంబులెన్సు ఎక్కించాం. పోలీసులు వచ్చేదాకా నేను పోలేదు. డ్రైవర్ తలుపు ముందు నిలబడ్డాను. వాడిని జీపులో కూర్చోబెట్టాక దవాఖానకు పోయాను.

దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు. మనిషి బతికాడు. తెలివి వచ్చాక ఆయన అడిగింది కాలు గురించి కాదు.

"లోపల్నే నిలబడ్డ గదనే. లోపలి చక్రం ఎట్లొచ్చె?"

"ఎడ్లు లేవయ్యా దానికి."

ఇంకా అడిగాడు, రోజుల తరబడి అదే అడిగాడు. డ్రైవర్‌ని నేను కాపాడానని ఎవరో చెవిన వేశాక మాత్రం స్టీలు గ్లాసు నా మీదికి విసిరాడు. నుదురు చిట్లింది.

"నా కాలు తీసినోన్ని ఎందుకు బతకనిచ్చినవ్?"

"నువ్వు బతకాలని. ఇంకో గ్లాసు ఇయ్యమంటవా?"

గ్లాసు తీసి కడిగి నీళ్లు పోసి ఇచ్చాను. తాగాడు. మా మధ్య ఆ సంగతి అక్కడితో అయిపోయిందని చెప్పను. ఆయనకు నొప్పి వచ్చిన ప్రతిసారీ మళ్లీ మొదలవుతుంది.

మరిది కొన్ని నెలలు మా గడప తొక్కలేదు. తర్వాత ఒక పొద్దున నేను గడ్డికి పోతుంటే అదే రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ వచ్చి, నన్ను చూసి దిగాడు. పక్కన నడిచాడు. మలుపు దగ్గర పొడుగు లారీ ఒకటి ఆగి ఉంది, ఎడమ లైటు వేసుకుని. డ్యూటీకి ఆలస్యమవుతోందేమో, "పోత వదినా" అని సైకిలెక్కాడు. లారీ కుడికి జరిగింది. ఎడమన ఖాళీ వచ్చింది.

తన అన్న కాలు నుజ్జు కావడం కళ్లారా చూసిన మనిషి, చక్రం కింది నుంచి అన్నను గుంజిన మనిషి, నేరుగా ఆ ఖాళీలోకి తొక్కాడు. లారీ డబ్బా మీద ఆనించడానికి చెయ్యి కూడా చాచాడు.

నేను ఉరికి కాలర్ దొరకబుచ్చుకుని వెనక్కి గుంజాను. సైకిల్‌తో సహా రోడ్డు పక్క కంకర మీద పడ్డాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. లేవబోతే చెంప మీద కొట్టాను, ఆగక రెండో వైపూ కొట్టాను.

"ఏ ముసల్దానా, పిచ్చి లేసిందా?" అని చాయ్ డబ్బా దగ్గర ఎవరో అరిచారు.

లారీ వెనక చక్రాలు మూల కోసుకుంటూ వచ్చాయి. అతను నిలబడబోయిన చోట మట్టిని తొక్కుతూ ఒక్కొక్కటే మా ముందు నుంచి పోతున్నాయి. టైర్ల వేడి ముఖాలకు తగిలింది. మరిది చూస్తున్నాడు. అతని కాలర్ నా పిడికిట్లోనే ఉంది, అతని మెడ నరం కొట్టుకోవడం నా వేళ్లకు తెలుస్తోంది.

"వదినా, ఇగ ఇడువు. అందరు చూస్తున్నరు."

"చూడనీ. ఇంక ఒక చక్రం ఉంది."

అది కూడా పోయేదాకా నేను వదలలేదు.